బతికి ఉంటే బలుసాకు

మా సమాజం మేడ మీది గదిలో ఆదివారం సాయంత్రాలు రామాయణం చదువుకోవడం చాలా ఏళ్ళుగా ఉన్న అలవాటు. వచ్చేవారు పదిమందో పన్నెండుమందో. చెన్నపట్నంలో నాలుగైదు తరాలుగా ఉంటున్న కుటుంబాల వాళ్ళం కనుక మాలో కొందరికి తెలుగు మాట వచ్చు గాని అక్షరం రాదు. కొందరు తాతల నాటి పుస్తకం ఒడిలో పెట్టుకొని, తడుముకుంటూ చదువుతారు. వాల్మీకి శ్లోకం ఒకరు చదివితే తాత్పర్యం ఇంకొకరు చెబుతారు. మధ్యలో కాఫీ వస్తుంది. కాఫీతోబాటు తర్కమూ వస్తుంది. మేము ఇక్కడ వ్రాస్తున్నది అట్లాంటి తర్కం ఒకటి, కొన్ని వారాలపాటు సాగినది.

ఆ గదికి ఇరవై ఏళ్ళుగా తప్పకుండా వచ్చే పెద్దాయన ఒకరున్నారు. వయసులో ఉండగా అచ్చుకూటంలో కంపోజిటరు. సీసపు అక్షరాలను గళ్ళలోంచి ఏరి, తిరగేసి పేర్చి, తిరగేసినవాటినే గడగడ చదవగలిగిన మనిషి. కిందటేడు ఆయన భార్య గతించారు. యాభై రెండేళ్ళ కాపురం వారిది. పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. వచ్చారు, కర్మ జరిపించారు, మాతో రమ్మన్నారు. ఆయన రానన్నారు. వాళ్ళు వెళ్ళిపోయారు. అటు తరువాత ఆయన మా గదికి రావడం మానేశారు. మరికొన్నాళ్ళకు వాకిట్లోకి రావడం మానేశారు. ఒక పూటే అన్నం తింటున్నారనీ, అదీ సగంలో చేయి కడుక్కుంటున్నారనీ కింది వాటాలో అద్దెకున్న ఇల్లాలు చెప్పగా మాకు తెలిసింది.

మేము నలుగురం వెళ్ళాము. అరటిపండ్లు పట్టుకుపోయాము, గీత మీద ఒక చిన్న పుస్తకం పట్టుకుపోయాము, అన్నిటికంటే ఎక్కువగా మాటలు పట్టుకుపోయాము. మా తప్పు మేము ఒప్పుకోవాలి గదా. గంటన్నరసేపు మేమే మాట్లాడాము. పుట్టినవాడు గిట్టక తప్పదన్నాము. కాలమే మందన్నాము. ఇంతకు రెండింతల కష్టాలు పడ్డవాళ్ళు ఎందరున్నారో లెక్క చెప్పాము. ఆయన ఓపికగా విన్నారు. మేము లేచేసరికి గుమ్మం దాకా వచ్చి, “చక్కగా మాట్లాడారండీ. నా కష్టం ఎంతదో అందరూ తూచారు. ఇక ముందు ఎందుకుండాలి, ఎవరికోసం ఉండాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు” అన్నారు.

మాతో వచ్చినవారిలో ఒక అమ్మమ్మగారున్నారు, ఆయనకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆవిడ ఉండబట్టలేక, “బతికి ఉంటే బలుసాకైనా తిని బతకవచ్చు, నాయనా” అన్నారు.

“బలుసాకు తింటూ బతకడం ఎందుకనే గదమ్మా నేను అడుగుతున్నది?” అన్నారాయన. తలుపు మూసుకొంది.

ఇంటికి వస్తూ దారి పొడుగునా మాకు ఆ మాటే చెవిలో మోగింది. ఆయన అడిగినది ఆషామాషీ ప్రశ్న కాదు. యానాంలో ఫ్రెంచి చదువుకున్న మా పాఠకులకు ఆల్బేర్ కామూ పేరు తెలిసే ఉంటుంది. బ్రతకడం తగునా తగదా అన్నది తేలితే గాని తత్త్వశాస్త్రంలో మిగతా ప్రశ్నలతో పని లేదన్నట్టుగా ఆయన 1942లో వెలువడిన తన గ్రంథం ఒకటి ఆరంభించాడు. కొండ మీదికి బండ దొర్లించే సిసిఫస్ కథ ఆ గ్రంథానికి పేరు. పైకి నెట్టిన బండ ప్రతిసారీ కిందికే దొర్లుతుంది. మళ్ళీ దిగి మళ్ళీ నెట్టాలి. ఫలం లేదని తెలిసి కూడా నెట్టడంలోనే మనిషి గొప్పతనం ఉన్నదని కామూ తేల్చాడు. మాట గొప్పదే. కాని సిసిఫస్ ఆ కొండ మీద ఒంటరివాడు. అతనికి అన్నం తెచ్చేవారు లేరు, అతని కోసం ఎదురుచూసేవారు లేరు. మా పెద్దాయన ప్రశ్నలోనేమో ‘ఎందుకు’ పక్కనే ‘ఎవరికోసం’ ఉంది. అందుచేత మేము ఫ్రెంచి పండితుణ్ణి సగౌరవంగా అరలో పెట్టి, మేము చదువుతున్న పుస్తకం దగ్గరికే తిరిగి వచ్చాము.

అప్పుడు మా చదువు కిష్కింధకాండ చివరికి వచ్చి ఉంది. పై ఆదివారం గదికి తాళం వేసి, అందరం పెద్దాయన ఇంటి వసారాలోకి చేరాము. ఇవాళ ఇక్కడ చదువుకుంటామని చెప్పాము గాని బయటికి రమ్మని ఆయనను పిలవలేదు. ఆయన లోపలి గదిలో పడుకొనే ఉన్నారు.

ఆ ఘట్టం పాఠకులకు తెలిసినదే అయినా కొంచెం నెమ్మదిగా చెప్పనివ్వండి. దక్షిణ దిక్కుకు పోయిన వానరులకు సుగ్రీవుడు నెల గడువు ఇచ్చాడు. స్వయంప్రభ ఉన్న బిలంలో చిక్కుకొని బయటపడేసరికి గడువు దాటిపోయింది. ఎదుట సముద్రం. సీత జాడ లేదు. తిరిగి పోతే సుగ్రీవుడు చంపుతాడు. అంగదుడు చిన్నవాడు, తండ్రి పోయినవాడు, పినతండ్రి మీద నమ్మకం లేనివాడు. ఇక్కడే తిండి మాని ప్రాణం విడుస్తానని దర్భలు పరచుకొని కూర్చున్నాడు. మిగతావారూ ఏడుస్తూ అతని చుట్టూ కూర్చున్నారు. ఒక సేన మొత్తం బ్రతుకు చాలించుకోవడానికి సిద్ధమైన చోటు అది.

అప్పుడు కొండ గుహలోంచి ఒక ముసలి గద్ద బయటికి వస్తుంది. రెక్కలు లేవు. ఇన్నాళ్ళకు నా ఆహారం నన్ను వెదుక్కుంటూ వచ్చింది, ఒక్కొక్కరు చచ్చినకొద్దీ తింటాను అని సంతోషపడుతుంది. ఇక్కడ మావాళ్ళు నవ్వారు. వాల్మీకి హాస్యం అట్లా ఉంటుంది. చావబోయేవారిని చూచి ఆనందించిన ఆ పక్షే వారిని బ్రతికించబోతున్నది.

చదివే వంతు ఆ రోజు మా కుర్రవాడొకడిది. వాడు పక్షి పేరును “సంపత్తి” అని చదివాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి లోపలి గదిలోంచి, “సంపత్తి కాదురా, సంపాతి! పకారానికి దీర్ఘం ఉంది, తకారానికి ఒత్తు లేదు. కళ్ళజోడు పెట్టుకో!” అని కేక వినిపించింది. నలభై ఏళ్ళు అచ్చుతప్పులు దిద్దిన మనిషి గదా, పడుకొని ఉన్నా ఓర్చుకోలేకపోయారు. మేమెవరమూ ఏమీ అనలేదు. చదువు సాగించాము.

అంగదుడి నోట జటాయువు పేరు వింటుంది ఆ పక్షి. అది తన తమ్ముడి పేరు. ఆ తమ్ముడు చనిపోయాడని అప్పుడే తెలుస్తుంది. నన్ను కిందికి దించండి నాయనలారా అని అడుగుతుంది. చావడానికి కూర్చున్న వానరులే లేచి ఆ ముసలిదాన్ని దించి, నీటి దగ్గరికి చేర్చి, తమ్ముడికి తర్పణం ఇప్పిస్తారు. మేము ఈ చోట కొంతసేపు ఆగాము. ఇంకా ఎవరికీ దారి దొరకలేదు, సీత జాడా తెలియలేదు. అయినా ప్రాయోపవేశం అప్పటికే చెదిరిపోయింది. ఒక ముసలివాడికి చేయూత కావలసి వచ్చింది, వాళ్ళు లేచారు. అంతే.

తరువాత సంపాతి తన కథ చెబుతాడు. అన్నదమ్ములు ఇద్దరూ పందెం వేసుకొని సూర్యుడిదాకా ఎగిరారు. తమ్ముడు వేడికి సొమ్మసిల్లుతుంటే అన్న తన రెక్కలు చాచి కప్పాడు. రెక్కలు కాలిపోయాయి. వింధ్యపర్వతం మీద పడి ఆరు రోజులు తెలివి లేకుండా ఉన్నాడు. మెల్లగా పాకుతూ నిశాకరుడనే ఋషి ఆశ్రమం చేరాడు. ఆ ఋషి స్నానం చేసి వస్తుంటే ఎలుగుబంట్లు, పులులు, సింహాలు దాతను చుట్టుకొన్న యాచకుల్లాగా వెంట వస్తున్నాయట. సంపాతి ఆయనతో, తమ్ముడు లేడు, రెక్కలు లేవు, బలం లేదు, శిఖరం మీదినుంచి పడి చనిపోతానన్నాడు. ఋషి కోప్పడలేదు, పాపమని భయపెట్టలేదు. రాముడి దూతలు ఎప్పుడో ఈ దారిన వస్తారు, వారికి సీత జాడ నీవు చెప్పాలి, అప్పుడు నీకు రెక్కలు వస్తాయి, అందాకా ఇక్కడే ఉండు అన్నాడు. రెక్కలు నేను ఇప్పుడే ఇవ్వగలను గాని, నీవు ఇక్కడ ఉంటేనే లోకానికి మేలు అని కూడా అన్నాడు. 

ఎన్నాళ్ళు ఉన్నాడు? గ్రంథంలో ఒకచోట ఎనిమిది వేల ఏళ్ళనీ, మరొకచోట నూరేళ్ళ పైచిలుకు అనీ కనిపిస్తుంది. పెద్దలు లెక్క తేల్చుకోనీ. ఒంటరివాడికి రెండూ ఒకటే. చెప్పిన ఋషి కూడా మధ్యలో స్వర్గానికి పోయాడు. చచ్చిపోవాలనే తలపు ఎన్నిమార్లో వచ్చిందనీ, ఋషి మాట జ్ఞాపకం చేసుకొని వెనక్కి తిప్పానని సంపాతే చెబుతాడు. ఒక్కసారి నిశ్చయించుకొంటే తీరిపోయే తలపు కాదన్నమాట.

వానరులతో మాట్లాడుతుండగానే అతనికి ఎర్రని రెక్కలు మొలుస్తాయి. మావాళ్ళలో ఇద్దరు చప్పట్లు కొట్టారు.

“మొలిచాయి గనుక కథ బాగుంది. మొలవకపోయి ఉంటే?” అన్న మాట వినిపించి తిరిగి చూస్తే, పెద్దాయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఒకరు “ఋషి వాక్కు తప్పదు గదండీ” అన్నారు. అది జవాబు కాదని చెప్పినవారికే తెలుసు. మనకెవరికీ అట్లా తారీఖు వేసి హామీ ఇచ్చే ఋషి లేడు. కాసేపటికి అమ్మమ్మగారు అందుకొన్నారు. “ఆ రెక్కల సంగతి అట్లా ఉంచు, నాయనా. అన్నేళ్ళు వాడికి తిండి ఎవరు పెట్టారు? కొడుకు పెట్టాడు. సుపార్శ్వుడు. ఒకనాడు పొద్దుపోయి వట్టి చేతులతో వస్తే ఆకలి మీద ఉండి వాణ్ణి కేకలు వేశాడు. రావణుడు ఒక ఆడపిల్లను ఎత్తుకుపోతుంటే చూశాను, అందుకే ఆలస్యమైంది అని కొడుకు చెబితే, చూసి ఊరుకున్నావా, విడిపించవద్దా అని మళ్ళీ కోప్పడ్డాడు. కోప్పడేవాడు బతికి ఉన్నట్టే. రెక్కలు రాకముందే వాడు బతికాడు.”

మాకు మరొకటి తోచింది. సంపాతికి పోయినవి రెక్కలు, పోనివి కళ్ళు. నూరు యోజనాల సముద్రం ఆవల లంకలో సీత కూర్చున్న చోటు అతను ఉన్నచోటినుంచే చూచి చెప్పగలిగాడు. వానరులకు ఆ రోజు కావలసినవి అతని రెక్కలు కావు, అతని చూపు. తనకు పోయినదాన్నే లెక్కపెట్టుకుంటున్నవాడికి మిగిలినది ఎవరికి అక్కరకు వస్తుందో తెలియదు. తెలియాలంటే ఆ వచ్చేవారు వచ్చేదాకా ఉండాలి. ఇది మేము పెద్దాయనతో అనలేదు. మొదటిసారి చాలా అన్నాము గదా, ఈమాటు నోరు కట్టుకొన్నాము.

సుందరకాండ కూడా ఆ వసారాలోనే మొదలైంది. ఆయన కుర్చీ వేసుకొని కూర్చోసాగారు. ఉత్సాహంతో అని చెప్పము. తప్పులు దిద్దడానికని చెప్పవచ్చు.

పదమూడో సర్గ చాలామంది పారాయణంలో గబగబ దాటించే సర్గ. హనుమంతుడంటే మనకు ధైర్యానికి మారుపేరు. ఆంజనేయ దండకం చదివితే భయం పోతుందంటాము. ఆ హనుమంతుడికే లంకంతా వెదికినా సీత కనబడకపోయేసరికి చావు తలపు వచ్చింది. వాల్మీకి దాచలేదు. సీత కనబడలేదని నేను పోయి చెబితే రాముడు బ్రతకడు, రాముడు పోతే లక్ష్మణుడు ఉండడు, అది విని భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు, ఇటు సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, వానరకులమంతా అని ఒక్కొక్కరినే లెక్క వేసుకుంటాడు. వెళ్ళకుండా ఇక్కడే చెట్టు కింద తాపసిలాగా ఉండిపోదునా అనుకుంటాడు. చితి పేర్చుకుందునా అనుకుంటాడు. అంత బుద్ధిమంతుడు, అంత బలవంతుడు. ఈ తలపు పిరికివారికే వస్తుందని ఎవరైనా అంటే ఆ సర్గ చదవమని మా మనవి.

అతన్ని వెనక్కి లాగినది ఏమిటి? చావులో దోషాలు అనేకం, ప్రాణముంటే శుభం చూడవచ్చు అన్న ఆలోచన ఒకటి. అంతకంటే గట్టిది మరొకటి, చాలా చిన్నది: ఎదురుగా అశోకవనం కనిపించింది, దాన్ని ఇంకా వెదకలేదు. బ్రతుకు మొత్తానికి అర్థం ఏమిటో అతను తేల్చుకోలేదు. ఇంకా చూడని తోట ఒకటి మిగిలి ఉంది, గోడ దూకాడు.

ఆ తోటలో ఉన్నావిడ కూడా అదే అంచున ఉంది. రావణుడు రెండు నెలల గడువు పెట్టి పోయాడు. సీత ప్రాణం విడవడానికి నిశ్చయించుకొంది. చెట్టు మీద హనుమంతుడు తర్కించుకుంటాడు. ఇప్పుడు ఓదార్చకుండా పోతే తెల్లవారేసరికి ఈమె ఉండదు. కాని ఏ భాషలో మాట్లాడాలి? పండితుల సంస్కృతం మాట్లాడితే రావణుడే వేషం మార్చుకొని వచ్చాడని భయపడుతుంది. మనుష్యులు మాట్లాడుకొనే మాటలోనే మాట్లాడాలి. అట్లా నిశ్చయించుకొని, ఉపదేశం ఒక్కటి చేయకుండా, ఆమెకు ఇష్టమైనవారి కథ మెల్లగా మొదలుపెడతాడు. దశరథుడనే రాజు ఉండేవాడని.

మేము నలుగురం అరటిపండ్లతో వెళ్ళి చేసిన పనికీ దీనికీ ఎంత దూరమో ఆ సాయంత్రం మాకు తెలిసింది. ఆ పెద్దాయనతో మేము ఆయన భార్యను గూర్చి ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ పేరెత్తితే బాధపడతారని. ఆ రోజు కాఫీ వేళ అమ్మమ్మగారు, ఆవిడ పెట్టే గోంగూరలో మెంతులు ఎట్లా వేసేదో అడిగారు. ఆయన అరగంటసేపు చెప్పారు. గోంగూర కొన్న బజారు దగ్గరనుంచి మొదలుపెట్టారు.

హనుమంతుడి మాటలు విన్న తరువాత సీత ఒక మాట అంటుంది. బ్రతికి ఉన్నవాడికి ఎంత కాలానికైనా ఆనందం వచ్చి చేరుతుందని జనం చెప్పుకొనే సామెత నిజమే అనిపిస్తున్నదని దాని భావం. చిత్రమేమంటే యుద్ధకాండ చివర, పధ్నాలుగేళ్ళు నందిగ్రామంలో కాచుకొని ఉన్న భరతుడు, రాముడు వస్తున్నాడన్న వార్త విని ఇదే సామెత అంటాడు. ఇద్దరికీ వార్త తెచ్చినవాడు హనుమంతుడే. ఇద్దరూ దాన్ని వేదవాక్యమనలేదు, లౌకికమైన మాట అన్నారు. అంటే పొలం గట్ల మీద, నూతుల దగ్గర అనుకొనే మాట. మన బలుసాకు వంటిది.

ఇంతకూ బలుసు ఎరుగుదురా? బెంగళూరు, బరంపురం, షోలాపురాల్లో పుట్టి పెరిగిన మా పిల్లలు చాలామంది ఎరుగరు. మెట్ట నేలల్లో, గుట్టల మీద పెరిగే ముళ్ళపొద. ఆకు చిన్నది. పండు పసుపుపచ్చగా ఉంటుంది, పిల్లలు తింటారు. తమిళులు కారై అంటారు, కన్నడిగులు కారె అంటారు. ఎవరూ నాటరు, నీరు పోయరు. వాన తప్పి చేలు ఎండినా అది ఎండదు. కనుకనే కరువు వచ్చినప్పుడు దాని జోలికి పోయేవారు. రుచికి కాదు.

ఆ కరువు ఎట్లాంటిదో ఒక్కసారి తలచుకోవాలి. లేకపోతే సామెత చమత్కారంగా మిగిలిపోతుంది. 1876లో వానలు తప్పాయి. ధాత నామ సంవత్సరం. మనవాళ్ళు ధాత కరువన్నారు, తమిళులు తాదు వరుషపు పంజం అన్నారు. కరువుకు రెండు భాషల్లోనూ ఏడాది పేరే. 1878 దాకా సాగింది. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు, మైసూరు సంస్థానం ఎండిపోయాయి. 1871 జనాభా లెక్కల్లో 50 లక్షలకు పైగా ఉన్న మైసూరు జనం 1881 లెక్కకు 42 లక్షలకు లోపైనారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, పనిచేసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర చాలునని నిర్ణయించాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. మట్టి మోసే కూలీకి ఇది చాలదని మదరాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ పోరాడాడు. కొన్ని నెలలకు కూలి పెరిగింది. అందాకా ఎందరు పోయారో.

చెన్నపట్నంలో అడయారునూ కూవం నదినీ కలుపుతూ బకింగ్‌హాం కాలువను తవ్వినది ఆ కరువు కూలీలే, 1877–78లో. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా తెలుగు నేలనూ తమిళ నేలనూ కలిపిన జలమార్గం అది. ఒకప్పుడు పడవల్లో బియ్యమూ కట్టెలూ పట్నానికి వచ్చేవి. ఇప్పుడు పట్నంలో మురికినీరు పారుతుంది, దాని వెంట స్తంభాల మీద రైలు పోతుంది. ఆ రైల్లో మేము రోజూ పోతూ ఉంటాము. కిందికి చూడము. అక్కడ తట్ట మోసినవాళ్ళు, ఎందుకు బ్రతకాలి అన్న ప్రశ్నకు సమాధానం దొరికి మోయలేదు. పొద్దుగూకితే పిల్లవాడి నోట్లో ఇంత గంజి పోయాలి. మనలో ఎందరి వంశాలు ఆ తట్టల మీద నిలిచాయో లెక్క కట్టినవారు లేరు.

ఇంత చెప్పాక ఒక ఆక్షేపణ దాచకుండా చెప్పాలి. మా గోష్ఠిలోనే వచ్చింది. ఎట్లాగైనా బ్రతికితే చాలునా? మానం పోయినా సరేనా? ఉద్యోగపర్వంలో కుంతి కృష్ణుడి చేత కొడుకులకు చెప్పి పంపిన విదుల కథ ఉంది, తిక్కన గారు తెనిగించినదే. ఓడిపోయి పడుకొన్న కొడుకుతో ఆ తల్లి, పొగలాగా చిరకాలం రగిలేకంటే ఒక్క క్షణం మండడం మేలంటుంది. అట్లాగే ఇదే పట్నంలో 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారులై అసువులు బాసిన ఇల్లు మైలాపూరులో ఉంది. దాని మాటేమిటి అన్నారు ఒకరు. అది బ్రతుకు మీద రోత పుట్టి చేసిన పని కాదు, ఒక కోరిక కోసం సర్వమూ ఒడ్డడం. దాని తప్పొప్పులు వేరే తూనికలో తూచాలి, ఇక్కడ తూచము. ఇక విదుల మాట. ఆవిడ కొడుకును చావమనలేదు, లేవమన్నది. అతను లేచి, రాజ్యం మళ్ళీ గెలుచుకొన్నాడు. సామెతను పిరికితనానికి వాడుకొనేవారు ఉంటారు, నిజమే. ఏ సామెతకు లేరు గనుక?

ఇది నేటి సంగతి కూడా కనుక రెండు మాటలు. ఈ తలపుతో ప్రాణం మీదికి తెచ్చుకొన్నవారిని నేరస్థులుగా చూచే సెక్షను, 309, 1860 నాటి శిక్షాస్మృతిలో ఉండేది. 2017 మానసిక ఆరోగ్య చట్టం అట్టివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలనీ, వారికి చికిత్స, ఆదరణ ప్రభుత్వ బాధ్యత అనీ అన్నది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన న్యాయసంహితలో ఆ పాత సెక్షను లేదు. అధికారిని లొంగదీయడానికి చేసే ప్రయత్నానికి మాత్రం శిక్ష మిగిలింది. దుఃఖం నెలల తరబడి తిండినీ నిద్రనూ మింగేస్తుంటే అది జబ్బు, దానికి వైద్యులున్నారు, మందులున్నాయి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ ఫోను, 14416, రాత్రింబవళ్ళు పలుకుతుంది, తెలుగుతోబాటు అనేక భాషల్లో. చెన్నైలో స్నేహ అనే సంస్థ 1986 నుంచి ఇట్లాంటివారి మాట వింటూ ఉంది. వింటూ అన్న మాటను మేము కావాలనే వ్రాశాము. పెద్దాయనను కూడా డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. మొదటి రెండుసార్లు రానన్నారు. మూడోసారి, “మీ పోరు పడలేక” అంటూ వచ్చారు.

ఇప్పుడెట్లా ఉన్నారని అడుగుతారు. రెక్కలు మొలిచాయని చెప్పలేము. రెండు పూటలా తింటున్నారా అంటే “ఒక్కొక్క రోజు” అంటారు. కొన్ని ఆదివారాలు తలుపు తీయరు. ఆ రోజు వసారాలోనే చదువుకొని వచ్చేస్తాము, లోపలికి వినబడేటట్టు కొంచెం గట్టిగా. ఆయన దగ్గర పాత అచ్చుకూటం నాటి సీసపు అక్షరాలు ఒక డబ్బా నిండా ఉన్నాయట, ఈమధ్యనే బయటికి తీశారు. కింది వాటా పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతాడు. వాడికి ఆ డబ్బా ఆటవస్తువైంది. ఆయన అక్షరం తిరగేసి చేతిలో పెట్టి ఇదేమిటో చెప్పమంటారు. వాడు అద్దం దగ్గరికి పరుగెత్తి చూచుకొని వచ్చి చెబుతాడు. మొన్న ‘సంపాతి’ని మొత్తం కూర్చాడు. దీర్ఘం సరిగ్గానే పడింది గాని, సున్నను ఎక్కడ పెట్టాలో తెలియక చివర పెట్టాడు. పెద్దాయన చిమటా పుచ్చుకొని సున్న తీసి, వాడి చేతిలోనే పెట్టి, “మళ్ళీ చూడు” అన్నారు.